తారక అనే పెట్టె

మా సూరమ్మపేటకు వచ్చిన ఆ ఉత్తర్వు చాలా మంచిదని మొదటే చెప్పేస్తున్నాను. జరిగినదంతా విన్నాక చెబితే ఎవరూ నమ్మరు.

చర్మంలోకి దిగే పరికరం ఏదైనా ఒక్క మనిషికి, ఒక్కసారే వాడాలి. వాడిన వెంటనే, తిరిగి మూత తొడగకుండా, చేతికి అందే దూరంలో ఉన్న గట్టి పెట్టెలో వేయాలి. పెట్టె ముప్పావు వంతు నిండగానే మూసేయాలి. రెండు రోజులకోసారి బండి వచ్చి తీసుకుపోతుంది. ఒకరి రక్తంలోని జబ్బు సూది మొన మీద ఎక్కి ఇంకొకరి రక్తంలో దిగకుండా ఉండడానికి ఇంతకంటే మంచి మార్గం లేదు. నేను బడిలో పాఠం చెప్పేవాణ్ణి. మంచి వాక్యం కనిపిస్తే గుర్తుపడతాను. ఆ ఉత్తర్వులో అన్నీ మంచి వాక్యాలే.

ఇంకో కారణం కూడా ఉంది. మా ఆవిడ వనజాక్షి పోయి ఏడాది దాటింది. కాలేయం జబ్బు. ఎప్పుడో జ్వరానికి ఎక్కడో వేయించుకున్న సూది వల్ల కావచ్చని పెద్దాసుపత్రి డాక్టరు అన్నాడు. ‘కావచ్చు’ అన్న మాట తర్వాత మేము ఇంకేమీ అడగలేదు.

ఉత్తర్వును అమలు చేయడానికి సత్యప్రకాశం గారనే ప్రత్యేకాధికారి వచ్చారు. నిజాయితీపరుడు, కష్టజీవి, భోజనం కూడా నిలబడే చేసేవారు. రాగానే మా ఏరియా ఆసుపత్రికి ఫోను చేసి, వాడి పారేసిన సూదులు నెలకెన్ని అని అడిగారు. సున్నా అని జవాబు వచ్చింది. ఆయన కళ్లు చెమర్చాయట. ఆసుపత్రిలో సమస్య లేదని తేలింది కనుక, సమస్య ఊళ్లో ఉండి తీరాలి. ఆయన ఊళ్లోకి బయలుదేరారు.

మొదట మంగలి సన్యాసి దుకాణం. సన్యాసి ఎప్పటినుంచో మనిషికో కొత్త బ్లేడు వాడతాడు. అధికారి మెచ్చుకుని, కుర్చీలో కూర్చున్న మిల్లు గుమస్తా గడ్డం గీస్తుండగా చూస్తూ నిలబడ్డారు. కుడి చెంప అయింది. సన్యాసి బ్లేడు తీసి, తుడిచి, ఎడమ చెంపకు పెట్టబోయాడు.

“ఆగుము! ఒక పర్యాయము ముగిసినది” అన్నారు అధికారి.

“ఎక్కడ ముగిసిందండీ బాబూ? సగం గడ్డం అలాగే ఉంది కదండీ!”

“పరికరము చర్మమును విడిచిన క్షణమున ఒక వాడుక పూర్తి అయినట్లు పరిగణింపబడును. రెండవ చెంపకు రెండవ పరికరము.”

“మరైతే గడ్డం కిందకి?”

“అది మూడవ ప్రదేశము.”

సన్యాసి లెక్కవేసుకుని గడ్డం ధర పెంచాడు. ఊళ్లో సగం మంది ఒక చెంపే గీయించుకోవడం మొదలుపెట్టారు. మా హెడ్మాస్టరు గారు కుడివైపు నుంచి చూస్తే పెళ్లికొడుకులా, ఎడమవైపు నుంచి చూస్తే అయ్యప్ప దీక్షలో ఉన్నట్టు కనిపించేవారు. ఫోటోలకు ఆయన పక్కకు తిరిగి నిలబడడం నేర్చుకున్నారు.

తర్వాత చేపల బజారు. చేప ముల్లు చర్మాన్ని ఛేదిస్తుందనడానికి ఎవరి నోరైనా సాక్ష్యమే. ఒక చేపను ఒక్కరే తినాలనీ, ముళ్లు పెట్టెలో వేయాలనీ, వీలైతే ముళ్లు లేని చేపలే అమ్మాలనీ అధికారి ఆదేశించారు.

“ముల్లు లేని చేపా?” అంది గంగాలు. బజారులో ఆమె మాటకు ఎదురు చెప్పేవాళ్లు లేరు. “దాన్ని వానపాం అంటారు బాబూ. కావాలంటే రేపు తెస్తాను. పులుసు పెట్టించుకోండి.”

అధికారి ఆ సూచనను పరిశీలనకు స్వీకరించారు.

మా బడికి వచ్చినప్పుడు పిల్లల జామెట్రీ పెట్టెల్లో కంపాసులన్నీ స్వాధీనం చేసుకున్నారు. లెక్కల మాస్టారు గాజులు పెట్టి వృత్తాలు గీయించారు. ఆడపిల్లల గాజులతో గీసినవి చిన్నవిగానూ, వాళ్లమ్మల గాజులతో గీసినవి పెద్దవిగానూ వచ్చాయి. కేంద్రం ఎక్కడుందని అడిగితే, “గాజు వేసుకున్నవాళ్ల దగ్గరండీ” అంది ఏడో తరగతి పిల్ల ఒకతె. మార్కులు వేయక తప్పలేదు.

ఇంతవరకూ నాకు ఇబ్బంది లేదు. గడ్డం నేను ఇంట్లోనే గీసుకుంటాను. చేపలు తినడం మానేసి ఏడాదైంది. వండే మనిషి లేకపోతే కొన్ని రుచులు వాటంతట అవే పోతాయి.

ఇబ్బంది మా మనవరాలు తారక చెవులతో వచ్చింది.

తారకకు పదకొండో నెల. మా అమ్మాయి హైమ, పిల్లకు చెవులు కుట్టించాలని మంచిరోజు చూసుకుంది. మా వైపు చెవులు కుట్టడానికి వేరే సూది వాడరు. సన్నటి బంగారు తీగ మొన పదును పెట్టి, దానితోనే కుట్టి, అక్కడికక్కడే మెలితిప్పి పోగుగా చేసి వదిలేస్తారు. ఆ తీగ వనజాక్షి దుద్దులు కరిగించి తీయించినది. పోయే ముందు ఆమె, పుట్టబోయే బిడ్డకని ఆ దుద్దులు హైమ చేతిలో పెట్టి చెప్పిన ఒకే ఒక్క పని అది. మిగతా పనులన్నీ నాకు చెప్పింది. అవి ఇంకా పూర్తి కాలేదు.

కంసాలి వీరభద్రాచారి పొద్దున్నే వచ్చాడు. తీగల్ని మరిగే నీళ్లలో వేసి, చేతులు సబ్బుతో కడుక్కుని, కొత్త స్పిరిటు సీసా మూత తీశాడు. మేనమామ ఒళ్లో కూర్చోబెట్టాలి కనుక మా అబ్బాయి కిరీటి మిల్లుకు సెలవు పెట్టి వచ్చాడు. పిల్ల చేతికి బెల్లం ముక్క ఇచ్చి, అది నోట్లో పెట్టుకునే లోపల ఆచారి కుడి చెవి కుట్టేశాడు. పిల్ల ఇల్లు అదిరేలా ఏడ్చింది. పిల్ల కంటే ముందు కిరీటి ఏడ్చాడు.

“నువ్వు మేనమామవా, పేరంటాలివా?” అంది హైమ.

“పిల్ల గిలగిలా కొట్టుకుంటోందే అక్కా!”

“రెండోది కూడా కానివ్వండి ఆచారి గారూ. వీడు పడిపోయేలా ఉన్నాడు.”

రెండో చెవి కూడా అయింది. కొబ్బరినూనె రాసి, ఆచారి సామాను సర్దుకుంటుండగా సత్యప్రకాశం గారు గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు. చేతిలో తెల్లటి పెట్టె. ఏడుపు వీధి చివరికి వినిపించిందట.

“చర్మఛేదనము జరిగినదా?”

“జరిగిందండీ” అన్నాను.

“ఎన్ని పరికరములు?”

“రెండు. చెవికొకటి. కొత్తవి, మరిగించినవి.”

“శ్లాఘనీయము.” ఆయన పెట్టె మూత తీశారు. “వాడిన పరికరములను ఇందులో వేయుడు.”

ఆచారి నా వైపు చూశాడు. నేను తారక వైపు చూశాను. తారక బెల్లం వైపు చూస్తోంది.

“పరికరాలు పిల్ల చెవులకే ఉన్నాయండి” అన్నాను. “అవే పోగులు.”

ఆయన వంగి కుడి చెవి చూశారు, ఎడమ చెవి చూశారు. తన వృత్తిలో ఇంతటి చిక్కు ఎదురైన ఆనందం ఆయన ముఖంలో కనిపించింది.

“వాడిన పరికరము వెంటనే పెట్టెలో చేరవలెను. కావున తీసివేయుడు.”

“తీస్తే పూడిపోతాయండీ బాబూ!” అన్నాడు ఆచారి. “పచ్చి రంధ్రాలు. తెల్లారేసరికి మూసుకుంటాయి. మళ్లీ కుట్టాలి.”

“మళ్లీ కుట్టినచో మరి రెండు పరికరములు. అవియు తీసివేయవలెను.”

“తీసినవాటిని ఏం చేస్తారు?” అని అడిగింది హైమ.

“కొలిమిలో దహనము చేయబడును.”

హైమ పిల్లను కిరీటి ఒళ్లోంచి లాక్కుని గుండెకు హత్తుకుంది. “మా అమ్మ బంగారం అది. ముట్టుకోండి చూద్దాం!”

అప్పటికి నేను ఉత్తర్వు చాలాసార్లు చదివి ఉన్నాను. “అయ్యా, పెట్టె అంటే తెల్ల ప్లాస్టిక్‌దే అయి ఉండాలని ఎక్కడా లేదు కదా?” అన్నాను. తొందరపడి తీసేస్తారేమోనని కాలయాపనకు అడిగానే తప్ప నాకు వేరే ఉద్దేశం లేదు.

సత్యప్రకాశం గారు ఉత్తర్వు విప్పి గట్టిగా చదివారు. పెట్టె అనగా పరికరమును గట్టిగా పట్టి ఉంచునది, పరికరము జారి కింద పడనీయనిది, ఎల్లప్పుడు నిటారుగా ఉండునది. చదివి తల ఎత్తారు.

“పిల్ల నిలబడునా?”

“గోడ పట్టుకుని నిలబడుతుందండీ” అన్నాడు కిరీటి.

“నిటారు. పరికరములు జారిపడుచున్నవా?”

“మెలి వేశానండీ, జారవు” అన్నాడు ఆచారి.

“అయినచో సందేహము లేదు. పరికరములు పెట్టెలోనే ఉన్నవి. ఈ బాలిక పెట్టెగా పరిగణింపబడును.”

ఆయన ముద్ర వేసిన పసుపు చీటీ ఒకటి తీసి తారక గౌను వెనక అంటించారు. ‘ప్రమాదకరము. తెరవరాదు. ముప్పావు నిండగానే మూసివేయవలెను.’

“ముప్పావు అంటే ఏమిటండీ?” అంది హైమ. “పాలు పట్టాలా వద్దా?”

“ముప్పావు వరకు పట్టవచ్చును.”

ఆ సాయంత్రం మా ఇంట్లో చాలా కాలం తర్వాత అందరం నవ్వాం. కిరీటి పిల్ల పొట్ట మీద దరువు వేసి, “అక్కా, సగమే నిండింది, ఇంకో గరిటె పెట్టు” అన్నాడు. హైమ నవ్వుతూనే చీటీ పీకబోయింది. అది ఊడి రాలేదు. ప్రభుత్వపు జిగురు.

రెండు రోజులకు బండి వచ్చింది. అప్పటిగ్గానీ మాకు మిగతా నిబంధన గుర్తు రాలేదు.

బండి డ్రైవరు పోతురాజు నా దగ్గర చదువుకున్నవాడే. గుమ్మంలో చెప్పులు విప్పి, తల గోక్కుంటూ నిలబడ్డాడు.

“మాస్టారండీ, ఈ ఇంట్లో ఒక పెట్టె ఉందని రాసిచ్చారండీ. తీసుకెళ్లాలండీ.”

కిరీటి తారకను ఎత్తి చూపించాడు. తారక పోతురాజు మీసం పట్టుకుని లాగింది.

“ఓర్నాయనో! పెట్టె మీసాలు పీకుతోందండీ!”

“తీసుకెళ్లి ఏం చేస్తావురా?” అన్నాను.

“అన్ని పెట్టెలూ ఎక్కడికెళ్తాయో...” అని ఆగిపోయి, చెప్పులు వేసుకున్నాడు. “ఇంట్లో తాళం వేసి ఉందని చెబుతానండీ. కానీ మాస్టారండీ, రేపు అధికారి గారే వస్తారు. బండికివ్వని పెట్టెలోంచి సామాను లాగేస్తామని ఆఫీసులో అంటున్నారు. పట్టకారు కూడా తెప్పించారండీ.”

హైమ పిల్లను తీసుకుని లోపలికి వెళ్లి తలుపు గడియ వేసుకుంది. నేను కండువా వేసుకుని ఆఫీసుకు వెళ్లాను.

సత్యప్రకాశం గారు నిలబడి ఇడ్లీ తింటున్నారు. నేను ఆయనతో వాదించలేదు. పిల్లలతో పాతికేళ్లు గడిపినవాడికి ఒక సంగతి తెలుస్తుంది. నియమం పట్టుకున్నవాడి చేతిలోంచి దాన్ని లాక్కోకూడదు, ఇంకో నియమం అందించాలి.

“అయ్యా, బండికివ్వాల్సింది నిండిన పెట్టెనే కదా?”

“అవును. లేదా నిరుపయోగముగా పడి ఉన్న పెట్టెను.”

“మా పెట్టె నిండలేదు. నిరుపయోగంగా ఉన్నమాట నిజం. పెట్టె ఇంట్లో ఉండి ఏం లాభం? సూది వేసే చేతికి అందే దూరంలో ఉండాలని ఉత్తర్వు చెబుతోంది.”

ఆయన ఇడ్లీ పక్కన పెట్టారు. “మాస్టారూ! మీ వంటి పౌరులు పదిమంది ఉన్న దేశము బాగుపడును. ఆ పెట్టెను ఆసుపత్రి ఇంజెక్షన్ గదిలో నెలకొల్పవలసినదిగా ఇందుమూలముగా ఆదేశించడమైనది. నేనును వచ్చి ప్రారంభింతును.”

హైమ నన్ను ఎన్నడూ అననన్ని మాటలంది. “నీకు మతి పోయిందా నాన్నా? పిల్లను తీసుకెళ్లి సూదుల మధ్యలో కూర్చోబెడతావా?”

“నా ఒళ్లో కూర్చోబెడతానమ్మా. అక్కడ ఉన్నంతసేపు ఎవరూ పోగులు ముట్టుకోరు. పుండు ఆరడానికి కొన్నాళ్లు కావాలి. అంతే కదా మనకు కావలసింది.”

ఆమె నా వైపు చూసి, పిల్లకు టోపీ పెట్టింది. పోగులకు తగలకుండా చెవులు బయటికి తీసి కట్టింది.

ఇంజెక్షన్ గదిలో నర్సు మార్తమ్మ ఉంది. లావుపాటి మనిషి, గొంతు అంతకంటే లావు. గోడకు అద్దాల బీరువా, అందులో తెల్లటి కొత్త పెట్టెలు వరసగా ఉన్నాయి. ప్రతిదానికీ పసుపు, కుంకుమ బొట్లు. బీరువాకు తాళం, తాళానికి బంతిపూల దండ.

“ఇన్ని పెట్టెలుండగా మా పెట్టెను రప్పించారా?” అన్నాను.

“అవి వాడేవి కాదు మాస్టారండీ, చూపించేవి. తనిఖీకి వచ్చినప్పుడు కొత్తగా కనబడాలంట. వాడితే పాతబడిపోవూ?”

“మరి వాడిన సూదులు?”

మార్తమ్మ కాలితో బల్ల కింద నుంచి ఒక అట్టపెట్టె ముందుకు జరిపింది. మాత్రలు వచ్చిన పాత డబ్బా. నిండా సూదులు. అట్ట చిరిగి కొన్ని మొనలు బయటికి పొడుచుకు వచ్చాయి.

“పారేసిన సూదులు సున్నా అని చెప్పారే?”

“పారెయ్యలేదు కదండీ! పారేస్తే చెత్త. పారెయ్యకపోతే నిల్వ. చెత్త ఉంటే మా ఆసుపత్రికి మార్కులు తగ్గుతాయంట. నిల్వ ఉంటే పెరుగుతాయంట. సూపర్నెంటు గారు చెప్పారు. మొన్న ఊడ్చే అప్పలనర్సకి గుచ్చుకుంటే, నిల్వలోంచి ఒకటి తగ్గిందేమోనని లెక్క చూశారు.”

“నిల్వ అన్నాక, తిరిగి వాడకానికి ఇవ్వచ్చా?”

మార్తమ్మ డబ్బాను కాలితో తిరిగి బల్ల కిందికి తోసింది. “నా చేత్తో నేను ఇవ్వలేదండీ” అంది. “నాకు ముందు ఉన్నవాళ్ల సంగతి నాకు తెలీదు.”

నేను తారకను గట్టిగా పట్టుకున్నాను. అది టోపీ లాక్కుంటోంది.

సత్యప్రకాశం గారు వచ్చి, రిబ్బను కత్తిరించడానికి కత్తెర పరికరం అవునా కాదా అని తేలక చేత్తో విప్పారు. పేషంట్లు గుమిగూడారు. మొదట వచ్చినవాడు కొబ్బరికాయలు దింపే సూరిబాబు. మార్తమ్మ కొత్త సూది విప్పి అతని జబ్బకు వేసింది. వాడిన సూది చేత్తో పట్టుకుని వెనక్కి తిరిగింది.

“ఇప్పుడు దీన్ని ఎక్కడ వెయ్యమంటారు సార్?”

“పెట్టెలో” అన్నారు అధికారి అలవాటుగా.

గదిలో అందరి చూపులూ తారక మీదికి మళ్లాయి. తారక ఆ సూదిని చూసింది. మొన మీద ఎర్రటి చుక్క ఉంది. పదకొండు నెలల పిల్లకు ఎర్రగా మెరిసేది ఏదైనా నోట్లో పెట్టుకోవలసిందే. చెయ్యి చాచింది. నేను ఆ చెయ్యి పట్టుకున్నాను. ఇంకో చెయ్యి చాచింది.

“ఓరి దేవుడా!” అన్నారు సత్యప్రకాశం గారు. ఆయన నోట మామూలు తెలుగు వినడం అదే మొదలు. “దూరం జరగమ్మా! పిల్లకి గుచ్చుకుంటుంది! పెట్టె ఏదీ? ఎవరైనా ఒక పెట్టె తీసుకురండయ్యా!”

“బీరువాలో ఉన్నాయి సార్. తాళం సూపర్నెంటు గారి దగ్గరుంది. ఆయన తనిఖీకి వెళ్లారు” అంది మార్తమ్మ సూది పైకెత్తి పట్టుకుని.

“పగలగొట్టండి!”

“దండ ఉంది సార్, దానికి.”

“దండా లేదు గిండా లేదు!” ఆయనే వెళ్లి బీరువా తలుపు పట్టుకుని గుంజారు. సూరిబాబు ఇంకో తలుపు గుంజాడు. తాళం బలంగానే ఉంది కానీ బీరువా ప్రభుత్వానిది. తలుపు కీళ్లతో సహా ఊడి వచ్చింది. బంతిపూలు గదంతా దొర్లాయి. అధికారి ఒక పెట్టె తెచ్చి, మూత తీసి, మార్తమ్మ చేతికి అందే దూరంలో రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డారు.

ఆమె సూది వదిలింది. అడుగున పడి చిన్నగా టక్కుమంది.

సత్యప్రకాశం గారు నుదురు తుడుచుకుని, అప్పుడు బల్ల కింద నిల్వను చూశారు. అది ఏమిటని అడిగారు. మార్తమ్మ చెప్పింది. ఆయన కూర్చోవడానికి కుర్చీ వెతుక్కున్నారు. ఆయన కూర్చోవడం నేను చూడడం కూడా అదే మొదటిసారి.

“ఇవన్నీ పెట్టెల్లోకి ఎత్తితే ఆసుపత్రికి ఉన్న సున్నా పోతుంది సార్” అంది మార్తమ్మ. “ఆ మార్కులకు వచ్చే బహుమతి కూడా పోతుంది.”

“పోనీ” అన్నారాయన.

చేతులకు మందపాటి తొడుగులు, పొడుగాటి పట్టకారు తెప్పించి, నిల్వ ఎత్తించే వరకు ఆయన కదల్లేదు. పట్టకారు మా తారక కోసం తెప్పించినదే అనుకుంటాను. బీరువాలోని పెట్టెలన్నీ ఒక్కొక్కటే బొట్లతో సహా బల్ల మీదికి వచ్చాయి. అప్పలనర్సను పిలిపించి, రక్తపరీక్ష చేయించి, టీకా వేయించమని కూడా చెప్పారు. ఆమె భయపడి, తను ఏ సూదీ తీయలేదని ప్రమాణం చేసింది.

అంతా అయ్యాక ఆయన తారక ముందు నిలబడి గొంతు సవరించుకున్నారు. భాష తిరిగి వచ్చింది.

“నిజమైన పెట్టె సమకూరినందున, ఈ బాలికను పెట్టె బాధ్యతల నుండి ఇందుమూలముగా విడుదల చేయడమైనది.”

“పోగులండీ?” అన్నాను.

ఆయన ఆలోచించారు. “పరికరము చర్మమును విడిచినప్పుడు గదా వాడుక ముగియుట? ఇవి విడువలేదు. కావున వాడుక కొనసాగుచున్నది. ఎంతకాలము కొనసాగునో...” అని పిల్ల బుగ్గ గిల్లబోయి, ఏ నిబంధన అడ్డం వస్తుందోనని ఆగి, గిల్లారు. “కొనసాగనిండు.”

చీటీ మీద అడ్డంగా గీత కొట్టి సంతకం చేశారు. జనం వెళ్లిపోయారు. బయట హైమ, కిరీటి ఎదురుచూస్తున్నారు. కిరీటి కిటికీలోంచి చేతులూపుతున్నాడు.

“ఇంకా కూర్చున్నారేం మాస్టారండీ?” అంది మార్తమ్మ. “పాపని వదిలేశారు కదా. తీసుకెళ్లండి.”

“ఆ వచ్చే అమ్మాయికి కూడా వెయ్యి, చూసి వెళ్తానమ్మా.”

జ్వరంతో వచ్చిన అమ్మాయి అది, పాతికేళ్లుంటాయేమో. మొగుడు చెయ్యి పట్టుకుని, మొహం పక్కకు తిప్పుకుని కూర్చుంది. మార్తమ్మ కొత్త సూది విప్పి వేసింది. చెయ్యి పక్కకు చాచి సూదిని పెట్టెలోకి వదిలింది. టక్కుమంది.

తారక ఆ చప్పుడుకు చప్పట్లు కొట్టింది. నేను పిల్లను ఎత్తుకుని లేచాను.